నెలవంక ముందు ఇద్దరు

సూరతు జిల్లా బార్డోలీ తాలూకాలో, తాపీనది ఒడ్డున, హరిపురా అను పల్లె కలదు. 1938 ఫిబ్రవరిలో అచట జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగినది. సుభాస్ చంద్ర బోసు అధ్యక్షత వహించిన ఆ సభకొరకు వెలసిన విఠల్‌నగరమును అలంకరించుటకు మహాత్మాగాంధి నందలాల్ బోసును పిలిపించినాడు. నందలాలును ఆయన శిష్యులును కలిసి సిద్ధము చేసిన పటములు వందల సంఖ్యలో ఆ నగరమున నిలిచినవి. డోలు వాయించువాడు, కుట్టుపనివాడు, దూది యేకువాడు, వేటకాడు, మల్లులు, బిడ్డ నెత్తుకొన్న తల్లి, పల్లెటూరి బ్రతుకంతయు వానిలోనికి ఎక్కినది. భారతీయ చిత్రకళలో ఆ పటముల స్థానమును గూర్చి వివాదము లేదు.

కాని వానిలో రాత్రి లేదు. ఆ మాటకు వచ్చిన ఎండయు లేదు. చేతికాగితము మీద మట్టిరంగులతో, దట్టమైన రేఖలతో వ్రాసిన ఆ రూపములకు నేలమీద పడు నీడ లేదు. చెంపకు ఒక ప్రక్క వెలుగు, ఒక ప్రక్క మసక అను భేదము లేదు. అంతటను సమానముగా పరచుకొన్న ఒక పగలు మాత్రము కలదు. నందలాలుకు నీడలు వ్రాయుట చేతగాక కాదు. గురువైన అవనీంద్రనాథ ఠాకూరు వద్ద తడిరంగుల మసకలో సంధ్యలను, రాత్రులను తేల్చు విద్యను అభ్యసించినవాడే. హరిపురాలో ఆ విద్యను ఆయన బుద్ధిపూర్వకముగా ప్రక్కకు పెట్టినాడు. దుమ్ము రేగుచున్న బాటమీద నడచిపోవు వేలాది రైతులకు దూరమునుండి ఒక్క చూపులో అందవలసిన చిత్రము చీకటిని భరింపజాలదు. చీకటి చూడవలెనన్న నిలువవలెను. వెలుతురునుండి వచ్చిన కంటికి మొదట ఏమియు కానరాదు. కొంతసేపు కదలక నిలిచిన పిమ్మట చెట్టు చెట్టుగా, రాయి రాయిగా విడివడును. గుంపునకు అంత తీరిక ఉండదు.

ఆ నిలుచుటనే విషయముగా గైకొన్న చిత్రమొకటి జర్మనీ దేశమున డ్రెస్డెను నగరపు చిత్రశాలలో కలదు. దాని పేరు ‘చంద్రుని తిలకించు ఇరువురు’. వ్రాసినవాడు కాస్పర్ డావిడ్ ఫ్రీడ్రిఖ్. 1774లో బాల్టికు సముద్రతీరమున, అప్పటికి స్వీడను ఏలుబడిలోనున్న గ్రైఫ్స్వాల్డు పట్టణమున పుట్టి, కోపెన్‌హాగెనులో చిత్రవిద్య నేర్చి, 1798లో డ్రెస్డెను చేరి, 1840లో అచటనే మరణించినాడు. యూరపు రొమాంటికు చిత్రకారులలో రాత్రిని ఇతనివలె నమ్మినవాడు వేరొకడు లేడు. టర్నరు వెలుగు నెరిగినవాడు, తుపాను నెరిగినవాడు. శామ్యుయెల్ పామరు వెన్నెల నెరిగినవాడు. ఫ్రీడ్రిఖు చీకటి నెరిగినవాడు.

చిత్రము చాల చిన్నది. ఎత్తు సుమారు 35 సెంటీమీటర్లు, వెడల్పు 44. అనగా మూరెడు గుడ్డ. ఎదురుగా నిలిచి చూచుటకు ఒక్క మనిషికి, మహా అయిన ఇద్దరికి మాత్రమే చోటు. లోపలను ఇద్దరే. కొండదారిలో ఒక మలుపువద్ద ఇద్దరు పురుషులు ఆగియున్నారు. ఇద్దరి వీపులును చూచువానివైపే. ఒకడు చేతికర్ర పట్టుకొని, నల్లని పైవస్త్రము కప్పుకొని నిటారుగా నిలుచున్నాడు. పడుచువాడు అతని భుజముమీద చేయి ఆనించి ఒరిగియున్నాడు. కుడిప్రక్క వేళ్ళు పెకలి, సగము ఎండిన సిందూరవృక్షము, ఆకులేని కొమ్మలతో వారి తలలమీదికి వంగినది. ఎడమప్రక్క పచ్చని సూదియాకుల చెట్టు. వీని నడుమ ఆకాశము, ఆకాశములో నెలవంక, నెలవంక చెంత శుక్రతార. అంతయు ఇటుకపొడియో, ఎండిన ద్రాక్షయో కలిపినట్టి ఒక ఎరుపు గోధుమ వన్నెలో మునిగియున్నది.

వెన్నెల అనగానే తెలుగు పాఠకునికి తెలుపు తోచును. పాలు, పన్నీరు, పిండారబోసినట్లు అను మాటలు వెంటనే నోటికి వచ్చును. ఇచట ఆ తెలుపు లేదు. వెన్నెల దేనిమీదను పడలేదు. చంద్రుడు మనుష్యులకు అవతల నున్నాడు గనుక వెలుగు వారి ముఖములమీద పడవలెను. ఆ ముఖములు చూపరికి కనబడవు. కనబడునవి వెలుగు సోకని ప్రక్కలే. చెట్టు, బండ, బాట, మనిషి, అన్నింటి చీకటివైపునే చిత్రకారుడు ఇటు త్రిప్పినాడు. సామాన్యముగా వెలుగు వస్తువులను చూపును. ఇచట వస్తువులు తమ నలుపుతో వెలుగును చూపుచున్నవి. దీపము కుండను తెలియజేయును అని ఘటప్రదీపన్యాయము. వాచ్యార్థము వ్యంగ్యార్థమును ఎట్లు తెలియజేయునో చెప్పుటకు ఆలంకారికులు దీపశిఖను దృష్టాంతముగా గైకొన్నారు. వెలుగు కోరువాడు దీపమునెడ శ్రద్ధ వహించవలెనని ఆనందవర్ధనుని అభిప్రాయము. ఫ్రీడ్రిఖు ఆ న్యాయమును తలక్రిందులు చేసినాడు. ఈ చిత్రములో కుండయే దీపమును తెలుపును. వెలుగు కోరి ఇతడు శ్రద్ధ వహించినది కొమ్మలయందు, బండలయందు, రెండు వీపులయందు.

ఆ శ్రద్ధ ఎంతటిదో పనితనములో తెలియును. లేత రంగు పూసిన గుడ్డమీద ముందు రేఖలతో సర్వమును నిర్ణయించుకొని, ఆపై నూనెరంగును నీళ్ళవలె పలుచన చేసి, పొరమీద పొరగా వేయుట ఇతని పద్ధతి. చంద్రునిచుట్టు పొరలు తక్కువ. అంచులకు పోను పోను ఎక్కువ. కనుక ఆకాశములోని కాంతి పైన పూసిన తెలుపు కాదు. అడుగున ముందే యున్న తెలుపు. చంద్రుని వెలిగించుటకు చిత్రకారుడు చేసిన పని, తక్కిన చోటులనెల్ల చీకటి చేయుటయే.

ఇచట ఒక పాతప్రశ్న తలయెత్తును. చీకటి అనగా నేమి? అది ఒక పదార్థమా, వెలుగు లేకపోవుట మాత్రమేనా? తర్కము చదువుకొన్న తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆంధ్రుడని ప్రతీతిగల అన్నంభట్టు తర్కసంగ్రహములో ద్రవ్యములు తొమ్మిది అని చెప్పి, దీపికలో తానే ఆక్షేపణ తెచ్చుకొన్నాడు: చీకటి పదియవ ద్రవ్యము కావచ్చును గదా, అది నల్లగా కనబడుచున్నది, కదలుచున్నది గదా అని. భాట్ట మీమాంసకుల పక్షము అదియే. వారికి చీకటి ద్రవ్యము. తార్కికుని సమాధానము చమత్కారమైనది. రంగుగల ద్రవ్యము ఏదైనను కంటికి కనబడుటకు వెలుగు కావలెను. చీకటి వెలుగు లేనప్పుడే కనబడును. కనుక అది రంగుగల ద్రవ్యము కానేరదు. తేజస్సు యొక్క అభావము మాత్రమే.

లోకములోని చీకటికి ఈ సమాధానము చాలును. చిత్రములోని చీకటికి చాలదు. డ్రెస్డెను చిత్రశాలలో దీపములన్నియు ఆర్పివేసినచో ఫ్రీడ్రిఖు చంద్రుడు మాత్రమే కాదు, ఫ్రీడ్రిఖు చీకటియు కానరాదు. ఆ చీకటిని చూచుటకు వెలుగు కావలెను. తార్కికుడు పెట్టిన పరీక్షలోనే అది ద్రవ్యముగా నెగ్గినది! హాస్యముగా తోచినను ఇది రొమాంటికు చిత్రకళ సారమునకు సంబంధించిన మాట. న్యూటను శాస్త్రములో చీకటికి స్థానము లేదు. వెలుగు లేనిచోటు చీకటి, అంతే. 1810లో వర్ణములను గూర్చి గ్రంథము వ్రాసిన గోథే దానికి ఒప్పుకొనలేదు. వెలుగును చీకటియు ఎదురెదురుగా పనిచేయు రెండు శక్తులనియు, వాని సంగమమున రంగులు పుట్టుననియు ఆయన వాదించినాడు. శాస్త్రజ్ఞులు ఆయనను కాదన్నారు, సరిగనే కాదన్నారు. చిత్రకారులు మాత్రము విన్నారు. గోథేకును ఫ్రీడ్రిఖుకును మధ్య స్నేహము తిన్నగా సాగలేదు. 1805లో వైమారు పోటీలో ఇతనికి బహుమానము పంచియిచ్చిన గోథేయే, 1816లో మేఘములను తరగతులవారీగా వ్రాసి పంపుమని కోరగా, అట్టి వర్గీకరణ ప్రకృతిచిత్రమునకు చెరుపు చేయునని ఫ్రీడ్రిఖు నిరాకరించినాడు. అయినను చీకటి విషయమున ఇద్దరిదియు ఒకటే పక్షము. అన్నంభట్టు సభలో ఇద్దరును ఓడిపోయెడివారే.

చీకటిని ద్రవ్యముగా భావించుట భారతీయ కావ్యములకు కొత్త కాదు. మృచ్ఛకటికము ప్రథమాంకములో వసంతసేనను తరుముకొని వచ్చు ఘట్టమున చీకటి దేహములకు పూసికొను లేపనమువలె, పైనుండి కురియు కాటుకవలె వర్ణింపబడినది. ఆ శ్లోకములో ఉన్నది ఉపమయా, ఉత్ప్రేక్షయా అని దండి మొదలు ఆలంకారికులు విచారణ చేసినారు. అలంకారమేదైనను, చీకటి అచట చేతికి అంటునది. చిత్రకళకు వచ్చునప్పటికి పరిస్థితి వేరు. పహాడీ చిత్రములలోని కృష్ణాభిసారికను తలచుకొన్న చాలును. ఆకాశమున నల్లని మబ్బులు, బంగారుతీగవంటి మెరుపు, కాలిచుట్టు పాములు. నడుమ నాయిక మాత్రము పట్టపగటి వన్నెతో, నగలలోని ముత్యమొక్కటియు తప్పిపోకుండ నిలిచియుండును. రాత్రి అని తెలుపుటకు చంద్రుడో, కాగడాయో, చుక్కలో ఉన్నవి. అవి రాత్రికి గుర్తులు. రాత్రి చెప్పబడినది, చూపబడలేదు. ఇది లోపమని యూరపు విమర్శకులు కొందరు వ్రాసిన మాట తొందరపాటు. ఆ చిత్రకారుని దృష్టిలో చీకటి నిజముగా అభావమే. నాయికను మరుగుపరచు శక్తి దానికి లేదు. రసికుని చూపునకు ఆమె ఎల్లవేళల వెలుగులోనే యున్నది. అతడు నైయాయికుడు, ఫ్రీడ్రిఖు భాట్టుడు. రెండును రెండు దర్శనములు. ఒకదానిని రెండవదానికి మెట్టుగా భావించుట తగదు.

ఇక ఈ నెలవంక ఏ తిథినాటిది? చిత్రమును వెన్నెలరాత్రి అని పిలిచి ఊరకున్నవారు ఈ ప్రశ్న వేయలేదు. తెలుగుదేశమున ఏ ముసలమ్మయైనను వేయును. సన్నని వంక, చెంత సాయంకాలపు చుక్క. విదియయో, తదియయో కావలెను. శుక్లపక్షము అప్పుడే మొదలైనది. ఇట్టి చంద్రుడు ప్రొద్దు క్రుంకిన నాలుగైదు గడియలలో తానును క్రుంకిపోవును. కనుక ఆ ఇద్దరు చూచుచున్నది ఉదయించు చంద్రుని కాదు, అస్తమించు చంద్రుని. ఇంక కొంతసేపటికి ఆ కొండదారిలో వెలుగు బొత్తుగా ఉండదు. అయినను రేపటి రాత్రి వంక మరికొంత పెద్దదగును, మరికొంత ఆలస్యముగా క్రుంకును. నేటికి చీకటియు, పక్షమునకు వృద్ధియు ఒకే బింబములో ఇమిడియున్నవి. విదియచంద్రుని చూచి కొత్తబట్టనుండి పోగు తీసి సమర్పించు ఆచారము తెలుగునాట కలదు. చంద్రునికో నూలుపోగు అను సామెత అందుండియే పుట్టినది. ఆ పోగు ఇచ్చునది కనబడు కాసింత వెలుగునకు కాదు, రాబోవు పూర్ణిమకు.

చిత్రకారుడు మరియొక సూక్ష్మమును విడువలేదు. వంక మాత్రమే కాక, చంద్రుని తక్కిన బింబమంతయు బూడిదవన్నెలో లీలగా గోచరించుచున్నది. ఇది కల్పన కాదు. విదియ, తదియలనాడు నిర్మలాకాశమున ఎవరైనను చూడవచ్చును. సూర్యకిరణములు భూమిమీద పడి, అచటినుండి చంద్రునిపైకి మరలి, ఆ చీకటిభాగమును వెలిగించుటచేత అట్లు కనబడునని 16వ శతాబ్ది ఆరంభమున లియొనార్డో డావించి వివరించినాడు. అనగా చంద్రునిలోని చీకటిని ఇంచుక వెలిగించుచున్నది ఈ భూమియే, దీనిపై పగలుగానున్న భాగమే. ఫ్రీడ్రిఖు ఈ శాస్త్రమును ఎంతవరకు తలచి వ్రాసెనో అనవసరము. అతడు కన్నులార చూచినాడు, చూచినది వ్రాసినాడు. రొమాంటికు కళాకారుడనగా కన్నులు మూసికొని కలలు కనువాడని తలచువారికి ఈ బూడిదబింబము ఒక్కటి చాలును.

ఈ చోట భావకవిత్వము జ్ఞప్తికి రాక మానదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలి కావ్యము ‘కృష్ణపక్షము’ 1925లో వెలువడినది. అడవి బాపిరాజు కవియు, చిత్రకారుడును; ఆయన గీతములకు పేరు ‘శశికళ’. హిందీలో ఆ కాలపు కవిత్వమునకు పేరే ఛాయావాదము. 1920లో ముకుటధర్ పాండేయ వ్యాసములతో ఆ పేరు ప్రచారమునకు వచ్చినది. నీడ అను మాటను దూషణగా ప్రయోగించినవారును ఉన్నారు; ఆ కవులు దానినే బిరుదుగా ధరించినారు. మహాదేవి వర్మ కావ్యముల పేర్లు వరుసగా చదివినను చాలు: నీహారము, రశ్మి, నీరజ, సాంధ్యగీతము, 1942లో దీపశిఖ. మంచులో మొదలైన దినము రాత్రిలోనికి నడచి దీపమువద్ద ఆగినది. దీపశిఖలోని గీతములకు ఆమెయే చిత్రములు వ్రాసికొన్నది. ఆ చిత్రములలోని రాత్రి గీతములలోని రాత్రియంత గట్టిది కాదని చెప్పక తప్పదు. రంగు మసకబారినదే గాని చిక్కబడలేదు. మాటలలో ఆమె సాధించిన చీకటి కుంచెకు అందలేదు. హిందీలో చీకటిని ద్రవ్యముగా నిలిపిన ఘనత నిరాలాది. 1936 నాటి ‘రామ్ కీ శక్తిపూజా’లో అమావాస్య రాత్రి, ఘోషించు సముద్రము, ఒక్కటే కాగడా, ఆ కాగడా వలన చీకటి తగ్గినట్లు తోచదు, దాని కొలత తెలిసినట్లు తోచును.

కృష్ణపక్షమునకును, డ్రెస్డెను నెలవంకకును గల భేదము కాలక్రమములోనిది. శుక్లపక్షమున వెలుగు ముందు వచ్చును, చీకటి పిమ్మట. కృష్ణపక్షమున రాత్రి తొలిజాములు చీకటి, చంద్రుడు రావలసియున్నది, ఎదురుచూపు ముందు. తెలుగు భావకవి ఎదురుచూపును ఎన్నుకొన్నాడు. అది అతనికి సహజము. విరహము మన కవిత్వమునకు శతాబ్దుల సొత్తు. ఐతే ఈ బడిలో మేలైనవారిని విడిచి అనుసరించినవారిని చదివినప్పుడు ఒక లోటు స్పష్టముగా కనబడును. వారికి చీకటి అనగానే దుఃఖము. ఒక మాటకు ఇంకొక మాట పర్యాయపదమైపోయినది. చీకటిలో కీచురాయి లేదు, కాలికి తగులు రాయి లేదు, మంచు లేదు. ఫ్రీడ్రిఖు చిత్రములోని చీకటి మొదట రాత్రి. బండలమీది నాచు, పెకలిన వేరు, చలికి కప్పుకొన్న పైవస్త్రము అన్నియు ఉన్న రాత్రి. ఆ తరువాతనే, చూపరికి ఇచ్ఛ యున్నచో, అది వేరొకటి అగును. వాచ్యము స్థిరముగా నిలిచినచోటనే ధ్వని పుట్టును. దీపశిఖను ఏమరినవానికి వెలుగు లేదు.

వేరొకటి ఏమి కావచ్చును? దీనికి జవాబు ఆ ఇద్దరి బట్టలలో కలదు. వారు ధరించినది డ్రెస్డెనులో నాడు వాడుకలోనున్న దుస్తు కాదు. నెపోలియనుపై జరిగిన స్వాతంత్ర్యయుద్ధములనాడు దేశాభిమానులైన విద్యార్థులు పునరుద్ధరించిన ప్రాచీన జర్మను వేషము అది. యుద్ధములు ముగిసినవి, వాగ్దానము చేసిన స్వేచ్ఛ రాలేదు. పాత ప్రభువులు పాత సింహాసనములపై కూర్చుండిరి. 1819 మార్చిలో కోట్జెబూ అను నాటకకర్త ఒక విద్యార్థి చేతిలో హతుడైనాడు. ఆ సెప్టెంబరులో కార్ల్స్‌బాడు శాసనములు వెలువడినవి. పత్రికలకు కళ్ళెము, విశ్వవిద్యాలయములపై నిఘా. ఆ వేషము ధరించుటయు నేరముగా పరిగణింపబడినది. ఫ్రీడ్రిఖు చిత్రము సరిగా 1819–20 నాటిది. మరుసటి వసంతమున తన చిత్రశాలకు వచ్చిన మిత్రులకు దీనిని చూపి, వీరిద్దరు రాజద్రోహపు మంతనములు చేయుచున్నారని ఇతడు పరిహాసమాడినట్లు వచ్చినవారిలో ఒకడు వ్రాసి యుంచినాడు.

పరిహాసమే, కాని నిషిద్ధమైన వేషమును ఎవరును చూడని కొండదారిలో, నడిరాతిరికి ముందు, నేలచూపులు చూడక నిలిచియున్న ఇద్దరికి తొడుగుట పరిహాసము మాత్రమే కాదు. శుక్లాభిసారిక తెల్లని వలువ కట్టి వెన్నెలలో కలిసిపోవును, కృష్ణాభిసారిక నల్లని వలువ కట్టి చీకటిలో కలిసిపోవును. వీరు నల్లని బట్టలు కట్టి వెలుగునకు అడ్డముగా నిలిచినారు, కనుకనే కనబడుచున్నారు. బట్టయే రాజకీయమైన కాలమును ఎరిగిన భారతీయ పాఠకునికి దీని వివరణ అక్కరలేదు. హరిపురా పటములను చూడవచ్చినవారి ఒంటిమీద ఖద్దరు ఎట్టిదో, ఈ నల్లని పైవస్త్రము అట్టిది.

బార్డోలీ పేరు ఈ సందర్భమున ఇంకొక రీతిగను వచ్చును. 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా సంఘటన పిమ్మట, కాంగ్రెసు కార్యవర్గము సమావేశమై శాసనోల్లంఘనము నిలిపివేయ నిశ్చయించినది బార్డోలీలోనే. పన్ను నిరాకరణకు సర్వసన్నద్ధులైయున్న బార్డోలీ రైతులు ఆగిపోయినారు. గుంటూరు జిల్లా పెదనందిపాడులో అప్పటికే పన్నులు ఎగవేసి నిలిచిన రైతులును విరమింపవలసి వచ్చినది. బార్డోలీకి తన వంతు 1928లో, వల్లభభాయి పటేలు నాయకత్వమున, తిరిగి వచ్చినది. నడుమ ఆరేండ్లు. ఆ ఆరేండ్ల నడుమనే తెలుగులో కృష్ణపక్షము వెలువడినది, ఎంకి పాటలు వెలువడినవి, హిందీలో ఛాయావాదము పరిపక్వమైనది. ఇది దానికి కారణమని చెప్పుట సాహసము. కవి హృదయము కార్యవర్గ తీర్మానములనుబట్టి నడచునది కాదు. కాని 1819 డ్రెస్డెనులోను, 1922 తరువాతి భారతదేశములోను, ఒక పెద్ద ఆశ సగములో ఆగిపోయిన పిమ్మట ప్రతిభావంతులు రాత్రివైపు తిరిగినారన్నది మాత్రము కన్నులకు కట్టు సామ్యము. అభ్యుదయ విమర్శకులు కొందరు దీనిని పలాయనమన్నారు. పారిపోవువాడు నిలువడు. ఫ్రీడ్రిఖు మనుష్యులు నిలిచియున్నారు. దారి మలుపులో, పెకలిన చెట్టు ప్రక్కన, వేసికొనరాని బట్టలు వేసికొని. నిలుచుట ఒక కార్యమా కాదా అను విషయమై వాదింపవచ్చును. అది పరుగు కాదన్నది వాదమునకు లొంగదు.

అవనీంద్రనాథుని ‘షాజహాను అవసానము’ 1902 నాటిది. ఆగ్రాకోట మండపమున పడకమీదనున్న ముదుసలి చక్రవర్తి తల వెనుకకు త్రిప్పి దూరమున రాత్రిలో తేలుచున్న తాజమహలును చూచుచున్నాడు. కాళ్ళవద్ద కూతురు జహానారా. చూచు మనిషి ముఖము పూర్తిగా చూపరికి చిక్కదు. చూపు పోయిన దిక్కు చిక్కును. ఫ్రీడ్రిఖు చిత్రముతో దీనికి గల చుట్టరికము ఈ ఒక్క విషయములోనిదే. అవనీంద్రుని రాత్రి పోయినదానికొరకు. తాజు వెనుకటి కాలము. ఫ్రీడ్రిఖు రాత్రిలో వెనుకటి కాలమును, రాబోవునదియు బట్టలో ఒకటి, బింబములో ఒకటి చేరియున్నవి. అందుచేతనే కాబోలు, ఆ చిత్రమును విడువలేక ఇతడు మరల మరల వ్రాసినాడు. ఒకటి న్యూయార్కు మెట్రొపాలిటను చిత్రశాలలో కలదు. దానిని చికిత్సకు బదులుగా తన వైద్యునికి ఇచ్చెనందురు. బెర్లినులోని ప్రతిలో ఇద్దరు పురుషులకు మారుగా స్త్రీపురుషులు నిలిచియున్నారు. డ్రెస్డెను ప్రతిని ఇతని నార్వే మిత్రుడు, చిత్రకారుడైన డాల్, తన చిత్రమొకటి ఇచ్చి మార్పిడి చేసికొని, 1840లో చిత్రశాలకు అమ్మినాడు. ఫ్రీడ్రిఖు పోయినది ఆ సంవత్సరమే.

పిమ్మట లోకము ఇతనిని మరచినది. 1906లో బెర్లినులో జరిగిన మహాప్రదర్శనము ఇతనిని తిరిగి వెలికి తెచ్చినది. నాజీలు ఇతనిని తమవాడని చెప్పికొన్న కాలమును గడచినది. 1937లో డ్రెస్డెను వచ్చిన శామ్యుయెల్ బెకెటు ఫ్రీడ్రిఖు చిత్రములను చూచినాడు. 1953లో పారిసున ప్రదర్శింపబడిన ‘గోడో’ నాటకమునకు ఆ చంద్రుని చూచు మనుష్యులే మూలమని తరువాత చెప్పినాడు. ఒక బాట, ఒక చెట్టు, ఇద్దరు, హఠాత్తుగా పైకి వచ్చు చంద్రుడు. బెకెటు తీసివేసినది బట్టను. వేచియుండుటను మాత్రము ఉంచినాడు. ఎదురుచూచునది ఎవరికొరకో తెలియకపోవుట ఆ తీసివేతనుండియే వచ్చినది.

ఫ్రీడ్రిఖు రాత్రిని గూర్చిన ప్రస్తావనలో రష్యను కవి జుకోవ్‌స్కీని విడుచుట న్యాయము కాదు. అనువాదకులలో ఉత్తముడుగా పేరొందిన ఆయన 1821లో డ్రెస్డెను వచ్చి ఇతనితో మైత్రి నెరపి, ఇతని చిత్రములను రష్యా రాజకుటుంబముచేత కొనిపించినాడు. చిత్రకారుడు రోగముతో, లేమితో క్రుంగిన దినములలో అండగా నిలిచినాడు. ఆయన ద్వారా రష్యా యువరాజుకొరకు ఫ్రీడ్రిఖు పలుచని కాగితముమీద, వెనుక దీపము పెట్టి చూడదగిన చిత్రములను వ్రాసినాడు. అవి నశించినవి. ఆ జాతికి చెందినది ఒక్కటి జర్మనీలోని కాస్సెలు నగరమున మిగిలియున్నది. కాగితమునకు రెండు ప్రక్కలను రంగు వేసినాడు. ముందువైపునుండి వెలుతురు పడినప్పుడు అది కొండల నడుమ ఒక నది, ఉదయకాలము. గది చీకటి చేసి వెనుక దీపముంచినచో, వెనుకప్రక్క వేసిన రంగు మేల్కొని, అదే నది, అవే కొండలు రాత్రియై, అంతవరకు లేని చంద్రుడు ఆకాశమున వెలయును. దీపము తీసివేసినచో చంద్రుడు మరల కాగితపు తెలుపులో కలిసిపోవును.